తండ్రికా, కొడుక్కా?

నా చిన్నప్పుడు ఒక వేసవి అంతా మా ఇంట్లో దేవుని గురించి తగాదా నడిచింది. దేవుడు ఉన్నాడా లేడా అని కాదు. ఆ అనుమానం మా వాళ్ళకు ఏనాడూ రాలేదు. పరలోకంలో ఉండే తండ్రి, ఆయన కుమారుడైన యేసు, ఈ ఇద్దరూ సమానులా, లేక తండ్రి ఒక్కడే దేవుడై కుమారుడు ఆయన కిందివాడా అన్నది తగాదా. పెద్ద చదువులు చదివినవాళ్ళు వందల ఏళ్ళుగా తేల్చుకోలేకపోయిన మాట అదని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. అప్పట్లో మాత్రం అది మా ఇంటి పంచలోనే పుట్టిందనుకున్నాను. దాని మీద మా నాయన, మా పెద్దనాయన ఒకరితో ఒకరు మాటలు మానేశారు.

మాది పావగడ తాలూకాలో ఒక చిన్న పల్లె. వై.ఎన్.హొసకోట సంతకు నడిచి పోయి నడిచి వచ్చేవాళ్ళం. ఊరి చివర పది పన్నెండు ఇళ్ళు మా క్రైస్తవులవి. వాటి మధ్య నాటుపెంకుల కప్పుతో చిన్న చర్చి ఉండేది. మేము దాన్ని గుడి అనే అనేవాళ్ళం. అయ్యగారు, అంటే మా పాస్టరు, ఎప్పుడో నెలకొకసారి పావగడ నుంచి వచ్చేవారు. మిగతా ఆదివారాల్లో మా పెద్దనాయనే గంట కొట్టి, వాక్యం చదివి ఆరాధన జరిపేవాడు. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో ఉండి నాలుగు అక్షరాలు నేర్చుకున్నవాడు. గొంతు పెద్దది. ఆయన చదువుతుంటే గుడి బయట కట్టేసిన మేకలు కూడా తలెత్తి చూసేవి.

మా నాయన ఆయనకు తమ్ముడు. మాట నెమ్మది, చేతి పని గట్టి. ఇంట్లో ఏ విషయమైనా పెద్దనాయన చెప్పేవాడు, మా నాయన చేసేవాడు. అది అన్యాయమని ఎవరికీ తోచలేదు. మా నాయనకు కూడా తోచలేదనే నేను అనుకునేదాన్ని.

వీళ్ళిద్దరి మీద మా తాత. ఆయనకు చదువు రాదు. సాయంత్రం ప్రార్థనకు అందరం పంచలో ఒకే చాప మీద కూర్చుంటే పెద్దనాయన చదివేవాడు, అవ్వ పాట ఎత్తుకునేది, చివరలో తాత ప్రార్థన చేసేవాడు. చాలా చిన్న ప్రార్థన. వాన అడిగేవాడు, పశువులకు మేత అడిగేవాడు, ఇంట్లో ఉన్నవాళ్ళందరి పేర్లూ ఒక్కొక్కటే చెప్పి కళ్ళు తుడుచుకునేవాడు. కళ్ళెందుకు తుడుచుకుంటాడో మాకు తెలియదు. ముసలితనం అనుకునేవాళ్ళం.

వరసగా వానలు తప్పిన కాలం అది. వేరుశనగ విత్తేవాళ్ళం, మొలిచేది, పూత పూసేది, సరిగ్గా కాయ ఊరే వేళకు మబ్బు మొహం చాటేసేది. ఆ ఏడు చెట్లు పీకితే వేళ్ళకు మట్టి తప్ప ఏమీ రాలేదు. విత్తనానికి కూడా కాయ మిగలలేదు. ఊళ్ళో చాలామంది మగవాళ్ళలాగే మా నాయన కూడా బెంగళూరుకు ఇళ్ళు కట్టే పనికి వెళ్ళాడు. వేసవి మొదట్లో తిరిగి వచ్చాడు. మనిషి నల్లబడ్డాడు, చిక్కాడు. కానీ కళ్ళల్లో ఏదో కొత్త వెలుగు. అక్కడ తనతో పాటు పని చేసేవాళ్ళు కొందరు ఒక గదిలో కూడుకుని వాక్యం చదువుకునేవాళ్ళట. ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా ప్రశ్న అడగవచ్చు. మా నాయనను కూడా చదివి అర్థం చెప్పమన్నారట. పుట్టి బుద్ధెరిగాక ఆయనను అలా అడిగినవాళ్ళు లేరు.

వచ్చిన సాయంత్రం ప్రార్థన ముగిసి అందరం ఆమెన్ అన్నాము. మా నాయన అనలేదు. ఏమని పెద్దనాయన అడిగితే మా నాయన తల వంచుకునే చెప్పాడు. దేవుడు తండ్రి ఒక్కడేనని, యేసు ఆయన చేత అందరికంటే ముందు కలిగినవాడని, అంటే పుట్టించబడినవాడని, ఎంత గొప్పవాడైనా తండ్రితో సమానం కాదని.

పెద్దనాయన చేతిలోని గ్రంథం మూసి పక్కన పెట్టాడు.

"కొడుకంటే ఏంది అన్నా?" అన్నాడు మా నాయన. "తండ్రి తర్వాత పుట్టినోడే గదా. తండ్రితో పాటే కొడుకు యాడన్నా ఉంటాడా?"

"మనుషుల కొలత దేవునికి పెడతావేమిరా? దీపం ముట్టించినప్పుడే వెలుగూ వచ్చె. దీపం ముందరా, వెలుగు ముందరా చెప్పు."

"సరే. మరి యేసు సిలువకు పోయే ముందర రాత్రి తోటలో మోకాళ్ళ మీద పడి ఎవురికి మొక్కుకున్నాడు? తనకు తానే మొక్కుకున్నాడా?"

ఆ ప్రశ్నకు నేను కూడా పెద్దనాయన వైపు చూశాను. నాకు నిజంగా తెలుసుకోవాలనిపించింది.  పెద్దనాయన గొంతు పెంచాడు.

"ఇద్దరూ ఒక్కటేరా! ఒక్కటే అంటే ఒక్కటే. ఆయన దేవుడు కాకపోతే మన పాపం మోసింది ఎవురు? కూలోడా?"

ఆ మాట దేవుని గురించి అన్నదే. కానీ అప్పుడే బెంగళూరులో ఇసుక బొచ్చెలు మోసి వచ్చిన మా నాయనకు అది ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. లేచి బయటికి వెళ్ళిపోయాడు. మరుసటి రోజు నుంచి మా పంచలో రెండు చాపలు పరిచారు. ఈ చివర పెద్దనాయన, పెద్దమ్మ, వాళ్ళ కూతురు మా అక్క. ఆ చివర మా నాయన, మా అమ్మ, నేను. మధ్యలో స్తంభానికి ఆనుకుని తాత, అవ్వ. అవ్వ పాట ఎత్తుకోవడం మానేసింది. ఎటు తిరిగి పాడాలో ఆమెకు తెలియలేదేమో.

పెద్దవాళ్ళకు అది వాదం. నాకు మాత్రం వేరే కష్టం వచ్చిపడింది. మా అమ్మకు అప్పుడు ఏడో నెల. కాళ్ళు వాచి, ముఖం పాలిపోయి గోడకు చేరగిలబడే ఉండేది. అంతకు కొద్ది నెలల ముందే మా వీధిలో ఒకామె కాన్పులో పోయింది. ఆమెను మోసుకుపోవడం నేను చూశాను. అప్పటి నుంచి పొద్దున లేచిన దగ్గర నుంచి నాకు ఒకే ప్రార్థన, మా అమ్మ చచ్చిపోకూడదని. ఇప్పుడు ఆ ప్రార్థన ఎవరికి చెయ్యాలో తెలియకుండా పోయింది. తండ్రికి తప్ప ఎవరికి చేసినా అది దేవునికి చేరదని మా నాయన నాకు మెల్లగా చెప్పాడు. గుడి దగ్గర ఒంటరిగా కనిపించినప్పుడు పెద్దనాయన నా తల నిమిరి, కొడుకును తక్కువ చేసి ఎంత మొక్కినా తండ్రి వినడమ్మా అన్నాడు. ఇద్దరూ ప్రేమతోనే చెప్పారు. ఇద్దరినీ నమ్మాను. అందుకే నోరు పడిపోయింది. ఒకరిని పిలిస్తే ఇంకొకరికి కోపం వచ్చి ఆ కోపం మా అమ్మ మీద చూపిస్తే? చాప మీద కూర్చుని కళ్ళు మూసుకుని ఉత్త పెదవులు ఆడించేదాన్ని. లోపల ఒక్క మాట ఉండేది కాదు. ఆ భయం ఎంత పెద్దదో ఇప్పుడు చెప్పినా ఎవరికీ అర్థం కాదు.

తగాదా తేల్చడానికి ఒక ఆదివారం గుడిలోనే సభ పెట్టారు. మా నాయన కోసం బెంగళూరు నుంచి ఒక బోధకుడు వచ్చాడు. పొట్టి మనిషి, తెల్ల చొక్కా, మంచి మాటకారి. ఇటు పక్క పావగడ నుంచి అయ్యగారు వచ్చారు. ఇద్దరూ మర్యాదస్థులే. ఒకరినొకరు మీరు అనే అనుకున్నారు. ఎండ పెంకుల మీద కాలుతుంటే లోపల తండ్రి, కుమారుడు, కలిగినవాడు, కలుగనివాడు, మొదలు లేనివాడు అనే మాటలు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పోతున్నాయి. క్రైస్తవులు కానివాళ్ళు కూడా వచ్చి గోడ నీడన కూర్చున్నారు. వాళ్ళలో మా పక్క పొలం మామ అంతా విని, "మాకూ ఉండాయిలేప్పా ఇట్లాంటివి. శివుడు పెద్దా విష్ణువు పెద్దా అని మా తాతలు కొట్టుకున్నారు" అని బీడీ ముట్టించుకున్నాడు. అందరూ నవ్వారు. మా నాయన, పెద్దనాయన నవ్వలేదు.

మధ్యాహ్నానికి ఇద్దరు బోధకులూ అలిసిపోయారు. అప్పుడు ఎవరో, సంఘంలో అందరికంటే పెద్దవాడు తాతే కదా, ఆయన ఒక మాట చెప్పాలన్నారు.  తాత లేచాడు. అందరినీ ఒకసారి చూశాడు. ఆ చూపు నా దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగింది.

"నాకు తెల్దు నాయనా" అన్నాడు. "గొడ్లకు నీళ్ళు పెట్టల్ల." తుండుగుడ్డ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అందరికీ నిరాశే మిగిలింది. తాత తన పక్షాన చెప్పలేదని పెద్దనాయనకు కోపం, తన పక్షాన చెప్పలేదని మా నాయనకు కోపం. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు.

మరుసటి పొద్దున తాత ఇద్దరు కొడుకులనూ పిలిచి, విత్తనం కాయలు తేవడానికి పావగడ పోవాలి, ఇద్దరూ రావాలి అన్నాడు. తాత ఎప్పుడూ ఎవరికీ ఆజ్ఞ ఇచ్చేవాడు కాదు. ఎప్పుడైనా ఇస్తే కాదన్నవాళ్ళు లేరు. నన్ను కూడా రమ్మన్నాడు. ఎందుకో చెప్పలేదు. హొసకోట దాకా నడిచి బస్సెక్కాము. పెద్దనాయన ముందు సీటులో, మా నాయన వెనక సీటులో, నేను తాత పక్కన కిటికీ దగ్గర. బస్సు ఎక్కడం నాకు పండగే. కానీ ఆ రోజు తాత నా చెయ్యి పట్టుకుని దారంతా వదలలేదు.

పావగడ కొండ దూరంగా కనిపించే చోట తాత లేచి నిలబడ్డాడు.

"ఈడ దింపప్పా" అన్నాడు కండక్టరుతో.

"ఈడ ఏముండాది తాతా, బండలు తప్ప? ఊరు ఇంకా రాలేదు."

"ఉండాదిలేప్పా. దింపు."

బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. దారి పక్కన ఒక కానుగ చెట్టు. దాని చుట్టూ ఎండిన గడ్డి, అవతల కనుచూపు మేర రాళ్ళు. తాత చెట్టు కిందికి వెళ్ళి నేల తడిమి చూసుకుని కూర్చున్నాడు. కొడుకులిద్దరూ ఎడంగా నిలబడ్డారు.

"కూర్చోండి" అన్నాడు. కూర్చున్నారు. నేను తాత మోకాలికి ఆనుకుని కూర్చున్నాను.

"మీకంటే ముందర ఒకడు పుట్టినాడు. తెలుసు గదా?"

తెలుసునన్నట్టు తలలూపారు. అవ్వకు మొదటి బిడ్డ ఒకడు పుట్టి జ్వరంతో పోయాడని ఇంట్లో అందరికీ తెలుసు. అంతకంటే ఎక్కువ ఎవరికీ తెలియదు. ఆ బిడ్డ పేరు కూడా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

తాత చెప్పడం మొదలుపెట్టాడు. అంతసేపు ఆయన మాట్లాడగా నేను అంతకు ముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. ఆ ఏడు కూడా వాన లేదట. పిల్లవాడికి ఐదేళ్ళు నిండి ఆరు వచ్చాయి. పట్టిన జ్వరం దిగలేదు. అవ్వకు నిండు నెలలు. పెద్దనాయన అప్పుడు కడుపులో ఉన్నాడు. ఈ దారిలో బస్సులు లేని కాలం. బండి కడదామంటే మేత లేక ఎద్దులు లేచి నిలబడలేకపోతున్నాయి. తెల్లవారకముందే పిల్లవాణ్ణి భుజానికి ఎత్తుకుని తాత పావగడ ఆసుపత్రికి బయలుదేరాడు.

"దోవంతా వాడు మాట్లాడుతా ఉండె" అన్నాడు తాత. "ఆసుపత్రి ఎట్లుంటాది నాయనా, సూది వేస్తారా, నొప్పి పుడతాదా అని అడిగె. నేను చెప్తా పోతి. పొద్దు పైకి వచ్చినాక వాడు గమ్మునైపోయె. నిద్రపోయినాడనుకొని నేను చెప్తానే నడిచినా. వాన వస్తే నీకు మేకపిల్లను తెస్తా, అది తెస్తా, ఇది తెస్తా అని. ఈ చెట్టు కాడ నీళ్ళు తాపుదామని దించినా."

చెట్టు మొదట్లో నేల మీద అరచెయ్యి ఆనించాడు. ఎక్కడో బండల మీద మేకలు కదిలిన చప్పుడు వినిపించింది.

"ఎప్పుడు పోయినాడో నాకు తెల్దు. ఎంత దూరం నేను సచ్చినోనితో మాట్లాడుతా వచ్చినానో తెల్దు."

పెద్దనాయన తుండుగుడ్డతో ముఖం కప్పుకున్నాడు. మా నాయన నేల వైపే చూస్తున్నాడు.

"వాణ్ణి ఒళ్ళో పెట్టుకొని ఈడనే కూర్చున్నా. ఎవురో బండ్లోళ్ళు పోయినారు, ఏమని అడిగినారు, నేను పలకలేదు. అప్పుడు కోపమొచ్చె. దేవుని మీద. లేచి నిలబడి అరిచినా. నీకేం తెలుసు, బిడ్డ పోతే ఎట్లుంటాదో నీకేం తెలుసు అని గొంతు పోయేదాకా అరిచినా. అరుస్తా అరుస్తా ఉంటే నోట్లోనే మాట నిలిచిపోయె." తాత కళ్ళు తుడుచుకున్నాడు. "ఆయనకు తెలుసు గదా. ఆయన కొడుకూ పోయినాడు గదా, ఆయన చూస్తా ఉండంగానే. అప్పుడు నేను మళ్ళీ కూర్చున్నా. ఆయనా నా పక్కనే కూర్చున్నట్టు ఉండె. ఇద్దరు తండ్రులం. దానితోనే లేసినా నాయనా నేను. లేకుంటే లేస్తానా?"

 తాత కొడుకుల వైపు తిరిగాడు.

"చిన్నోడా, నువ్వు చదివింది తప్పని నేననను. నాకు చదువు రాదు. కానీ యేసు దేవునికి ఒక పనోడే అయితే, ఆ పొద్దు నా పక్కన కూర్చుంది ఎవురు? పనోడు పోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. గుండె పగలదు. పెద్దోడా, నువ్వు ఒక్కటే ఒక్కటే అంటావు. ఉత్త ఒక్కటే అయితే పోయినోడు ఎవురు, పోగొట్టుకున్నోడు ఎవురు? నా కొడుకు వేరే, నేను వేరే. వేరే కాబట్టే నేను ఇంకా బతికుండాను. అయినా ఆ పొద్దు ఈడ పోయింది వాడొక్కడేనా అంటే నేను చెప్పలేను. తండ్రి పెద్దా కొడుకు పెద్దా అని మీరు కొలుస్తా ఉండారు. నేను వాణ్ణి మోసినా. కొలవలేదు."

మా నాయన చాలా చిన్న గొంతుతో అడిగాడు. "అమ్మకు ఎట్ల చెప్పినావు నాయనా?"

"చెప్పలేదు. ఎత్తుకొని తిరిగి నడిచి ఇంటి ముందర నిలబడినా. మీ అమ్మ చూసె. చూసి లోపలికి పోయె. చెంబుతో నీళ్ళు తెచ్చి నా కాళ్ళకు పోసె. చెప్పుల్లేని కాళ్ళు, పగిలి రక్తం కారుతా ఉండె. ముందర నా కాళ్ళు కడిగె. ఆ తర్వాతనే బిడ్డను అందుకునె."

పెద్దనాయన అప్పుడు ఏడ్చాడు. గుడిలో చదివే ఆ పెద్ద గొంతుతోనే ఏడ్చాడు. మా నాయన జరిగి వెళ్ళి అన్న పక్కన కూర్చున్నాడు. చెయ్యి మాత్రం వెయ్యలేదు. పక్కన కూర్చున్నాడంతే. వేసవి మొదలైన దగ్గర నుంచి వాళ్ళిద్దరూ అంత దగ్గరగా కూర్చోవడం నేను చూడలేదు.

నాకు ఏడుపు వచ్చింది, కానీ దాని కంటే ముందు భయం వచ్చింది. కడుపుతో ఉన్న అవ్వ, చనిపోయిన బిడ్డ, ఇంట్లో గోడకు ఆనుకుని ఉన్న మా అమ్మ, అన్నీ కలిసిపోయాయి. ఇన్ని రోజులు బిగబట్టుకున్నది బయటపడింది.

"తాతా, మరి నేను ఎవరికి చెయ్యల్ల ప్రార్థన? తండ్రికా, కొడుక్కా? నేను అమ్మ కోసరం చెయ్యల్ల. తప్పుగా చేస్తే అమ్మ సచ్చిపోతాది."

మా నాయన తల ఎత్తి నా వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. పెద్దనాయన ముఖం మీది గుడ్డ తీశాడు. ఈ రెండు నెలలు తమ మాటలు నా మీద ఎలా పడ్డాయో వాళ్ళకు అప్పుడే తెలిసింది. 

తాతకు మాత్రం ఆశ్చర్యం కలగలేదు. నా పెదవులు ఉత్తినే ఆడుతున్నాయని ఆయన ముందే కనిపెట్టాడు. నన్ను ఒళ్ళోకి లాక్కున్నాడు.

"పాపా, నువ్వు బడి నుంచి వస్తానే గడపలో నిలబడి ఏమని అరుస్తావు?"

"నీళ్ళు అని."

"ఎవురు తెస్తారు?"

ఆలోచించాను. ఒకరోజు అమ్మ తెస్తుంది. ఒకరోజు అవ్వ. పెద్దమ్మ దగ్గర్లో ఉంటే పెద్దమ్మ. ఎవరికి వినిపిస్తే వాళ్ళు.

"పేరు పెట్టి పిలవలేదని ఎవురన్నా నీకు నీళ్ళు ఇయ్యకుండా ఉండారా?"

లేదన్నాను.

"లోపల ఉండేది మనోళ్ళేలే. నువ్వు పిలువు" అన్నాడు తాత.

అంతే. ఆ చెట్టు కింద, ఆయన ఒళ్ళో ముఖం పెట్టుకుని, ఎవరి పేరూ పెట్టకుండా, మా అమ్మను కాపాడమని అడిగాను. నాలుక మీద నుంచి ఒక రాయి తీసేసినట్టయింది. తర్వాత నలుగురమూ పావగడ దాకా నడిచాము. నేను కొంత దూరం నడిచి అలిసిపోతే పెద్దనాయన ఎత్తుకున్నాడు. కొంత దూరం పోయాక మా నాయన, "ఇటియ్యి అన్నా" అని నన్ను అందుకున్నాడు. తాత వెనక నుంచి నిదానంగా వస్తున్నాడు.

ఆ రోజుతో వాదం తీరిపోయిందని చెబితే అబద్ధం అవుతుంది. తీరలేదు. మా నాయన చివరి దాకా తన నమ్మకం మార్చుకోలేదు, పెద్దనాయనా మార్చుకోలేదు. కానీ ఆ సాయంత్రం మళ్ళీ ఒకే చాప పరిచారు. పెద్దనాయన తన పద్ధతిలో ప్రార్థన చేశాడు, మా నాయన తన పద్ధతిలో చేశాడు. ఒకరి ప్రార్థనలో ఇంకొకరికి మింగుడుపడని మాట వచ్చినప్పుడు గొంతు సవరించుకునేవాళ్ళు తప్ప లేచిపోలేదు. అవ్వ పాట ఎత్తుకుంది. తాత ఇద్దరి ప్రార్థనలకూ గట్టిగా ఆమెన్ అన్నాడు. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు పొలం గట్టు మీద వాళ్ళిద్దరూ ఆ మాట మీద కీచులాడుకోవడం వినేదాన్ని. కానీ అది కలిసి పని చేసుకునేవాళ్ళ కీచులాట. అందులో కూలోడా అనే మాట మళ్ళీ రాలేదు.

తొలి వాన పడి వేరుశనగ విత్తిన కొద్ది రోజులకు మా అమ్మకు మగపిల్లవాడు పుట్టాడు. కాన్పు కష్టమైంది. మంత్రసాని ఒక దశలో చేతులెత్తేసింది. పెద్దనాయనే బండి కట్టి హొసకోట ఆసుపత్రికి తోలాడు. తల్లీ బిడ్డా క్షేమంగా ఇల్లు చేరారు. పేరు పెట్టేటప్పుడు మళ్ళీ గొడవ అవుతుందేమోనని పెద్దమ్మ భయపడింది. కాలేదు. ఆ కానుగ చెట్టు కింద పోయిన అన్న పేరే పెడదామని మా నాయన అన్నాడు. పెద్దనాయన కూడా సరిగ్గా అదే అనుకున్నాడట. ఆ ఒక్క విషయంలో వాళ్ళకు వాదం రాలేదు. తాతను అడిగితే ఆయన సరే అనలేదు, వద్దనలేదు. బిడ్డను రెండు చేతుల్లోకి తీసుకుని చెవి దగ్గర ఆ పేరు పలికాడు. ముప్పై నలభై ఏళ్ళుగా ఆయన నోటి నుంచి ఆ పేరు రాలేదని అవ్వ చెప్పింది. ఆ తర్వాత మాత్రం పొద్దున లేస్తే ఆ పేరే. పని ఉన్నా లేకపోయినా పంచలో కూర్చుని పిలిచేవాడు. మా తమ్ముడికి నడక రాకముందే తన పేరు బాగా తెలిసిపోయింది.

నాకు పెళ్ళైంది, బిడ్డలు పుట్టారు, తాతా అవ్వా పోయారు, మా నాయనా పెద్దనాయనా కూడా ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. ఒకసారి మా చిన్న కూతురిని తుమకూరు ఆసుపత్రిలో ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయినప్పుడు తలుపు బయట నిలబడి ప్రార్థన చేద్దామంటే నేర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "అయ్యా" అని మాత్రం అనగలిగాను. అయ్యా, అయ్యా అని అంటూనే ఉన్నాను. ఎవరిని పిలుస్తున్నానని నన్ను నేను అడగలేదు. బిడ్డ బయటికి వచ్చేదాకా ఆ ఒక్క మాట నన్ను నిలబెట్టింది.

ఇప్పటికీ మా వాళ్ళ మధ్య ఆ వాదం నడుస్తూనే ఉంటుంది. చదువుకున్న పిల్లలు ఫోనులో ప్రసంగాలు విని వచ్చి, అత్తా మీరేమంటారు అని అడుగుతారు. వాళ్ళు చెప్పేదంతా శ్రద్ధగానే వింటాను, వాదం మంచిదే, దేవుని గురించి ఆలోచించని వాళ్ళకంటే వాళ్ళు నయం. ఎవరి మీదా నాకు కోపం రాదు. ఎదురుగా కూర్చుని గొంతు పెంచే ఆ కుర్రవాడు కూడా ఏదో ఒక రోజు ఎవరినో భుజాన వేసుకుని నడవవలసినవాడే కదా అనిపిస్తుంది. ఆ రోజుకు అతని వాదంలో ఏ మాట మిగిలినా మిగలకపోయినా, పిలవడానికి గొంతు మిగలాలని మాత్రం కోరుకుంటాను.